కోటలు సరే, కొట్లేవీ?

రోము చూసొచ్చామని చెప్పేవాళ్ళు మీ ఇంటికొస్తే, కాఫీ ఇచ్చి కూచోబెట్టి తీరిగ్గా ఒక్క ప్రశ్న అడగండి. "ఏం చూశారూ?" అని.

జవాబు నేనిక్కడ కూచునే చెప్పగలను. కొలోసియం చూశారు. ట్రెవి ఫౌంటెన్ దగ్గర వెనక్కి తిరిగి నిలబడి భుజంమీంచి చిల్లర విసిరారు. పోపుగారి చర్చిలో మెడ నొప్పి పుట్టేదాకా పైకప్పు చూశారు. చక్రవర్తుల తాలూకు విరిగిన స్తంభాల మధ్య నిలబడి ఫొటోలు దిగారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కించుకుని ఇంకో ఊరికి తీసుకుపోయారు. అయిపోయింది రోము!

"మరి ఓస్టియా?" అని అడగండి. "అదేమిటీ? తినేదా?" అంటారు.

వాళ్ళ తప్పు కాదులెండి. వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. యూరప్ యాత్రలు నడిపే పెద్దమనిషినొకాయన్ని నేనే అడిగాను, "రోము దాకా తీసుకెళ్ళి, అరగంట దూరంలో వున్న ఆ పాత రేవుపట్నం ఎందుకు చూపించరండీ?" అని. ఆయన చిన్నపిల్లకి నచ్చచెప్పినట్టు నవ్వి, "అక్కడేముంది మేడం, మొండిగోడలు తప్ప! ముఖ్యంగా లేడీస్‌కి బోరు కొడుతుంది. ఆ పూట షాపింగుకి వదిలేస్తే ఎంత సంతోషిస్తారో!" అన్నాడు.

లేడీస్‌కి బోరట! ఈ నాలుగు ముక్కలూ ఆ మాట పట్టుకునే రాస్తున్నాను. కొలోసియం మనకి బోరు కొట్టదుట. యాభైవేలమంది కూచుని మనుషులూ మృగాలూ చచ్చిపోతుంటే చప్పట్లు కొట్టిన చోటు మనకి మహా ఆసక్తిట! మనుషులు పిండి విసురుకుని, రొట్టె కాల్చుకుని, బట్టలుతుక్కుని, పిల్లల్ని కని పెంచుకున్న ఊరు మాత్రం బోరుట! ఏం లెక్కండీ ఇది?

ఇంతకీ ఓస్టియా అంటే ఏమిటో చెప్పుకుందాం. టైబర్ నది సముద్రంలో కలిసేచోట వెలిసిన ఊరది. లాటిన్‌లో 'ఓస్' అంటే నోరు. నది నోటిదగ్గర వుంది గనక ఆ పేరు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో చిన్న సైనిక స్థావరంగా మొదలై, క్రీస్తుశకం రెండో శతాబ్దానికి కిటకిటలాడే పట్నమైంది. రోము నగరంలో పదిలక్షల మంది జనాభా అని అంచనా. వాళ్ళు తినే గోధుమలు ఈజిప్టు నుంచీ, ఉత్తరాఫ్రికా నుంచీ, సిసిలీ నుంచీ ఓడల్లో వచ్చి, ఇక్కడి గిడ్డంగుల్లో దిగి, కొలతలుపడి, పడవలెక్కి ఏటికి ఎదురు వెళ్ళేవి. రాజధాని నోటికి అన్నం అందించిన చెయ్యి ఈ ఊరు.

పాంపేయి లాగా అగ్నిపర్వతం ఒక్కపూటలో పూడ్చేసిన ఊరు కాదిది. నది ఒండ్రు తెచ్చి మేట వేసింది. వ్యాపారం పక్కన కట్టిన కొత్త రేవుకి తరలింది. మలేరియా వచ్చింది. ఒక్కొక్క ఇల్లే తాళం వేసుకుని మనుషులు వెళ్ళిపోయారు. తరవాత శతాబ్దాల తరబడి, పాలరాళ్ళు మోసుకుపోయేవాళ్ళు మోసుకుపోతే, మిగిలినవి బట్టీల్లో వేసి సున్నం కాల్చుకున్నారు. ఇవాళ సముద్రం ఆ ఊరికి మూడు కిలోమీటర్లు ఎడంగా జరిగిపోయి వుంది.

రోములో పిరమిడ్ పక్కనున్న స్టేషన్లో సముద్రపుటొడ్డుకెళ్ళే లోకల్ రైలెక్కితే అరగంట. నగరంలో బస్సుకి కొనే మామూలు టిక్కెట్టే చాలు. దిగి, రోడ్డు మీది వంతెన దాటి నాలుగడుగులు వేస్తే ఊరు. తోరణాలూ గుర్రాలెక్కిన విగ్రహాలూ ఎదురురావు. బళ్ళ చక్రాలకి అరిగిన నల్లరాతి వీధి కిలోమీటరు పైచిలుకు సాగుతుంది. అటూ ఇటూ ఇటికగోడలు. ఇటికలే! సంచీలో తెచ్చుకున్న పులిహోర తింటూ, పైన్ చెట్ల నీడలో నడుచుకుంటూ పోవచ్చు.

నడిచి చూడండి. డయానా పేరుమీద ఒక వీధి. అందులో మూడు నాలుగు అంతస్తుల వాటాలిళ్ళు. అవును, అపార్టుమెంట్లే! మనం నిన్నా మొన్నా కనిపెట్టినట్టు గొప్పలు పోతున్నామే, పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందటే అక్కడ అద్దెకిచ్చేవాళ్ళు. కింద కొట్లు, పైన కాపురాలు, మధ్యలో వాకిలి, వాకిట్లో నీళ్ళ తొట్టి. మెట్లు చూశాక నా కళ్ళు ఆ తొట్టి మీదే నిలిచిపోయాయి. పై అంతస్తుకి పంపులు లేవు. బిందె బిందె ఎవరో ఒకరు మొయ్యాల్సిందే. ఎవరు మోసుంటారో, మెట్టుమెట్టుకీ ఆగి నడుం మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నదెవరో మీకు వేరే చెప్పాలా?

ఆ వాటాల్లో చాలావాటికి వంటగదులే లేవు! మరి తిండి? అదే వీధిలో కాకా హోటలుంది. పాలరాయి పరిచిన గల్లా, గల్లా కింద గిన్నెలు కడిగే తొట్లు, లోటాలూ గ్లాసులూ పెట్టుకునే మెట్లమెట్ల అరలు, గోడమీద కూరగాయలూ పళ్ళూ వేసిన రంగుల బొమ్మ. చదువురానివాడికి కూడా 'ఇక్కడ తిండి దొరుకును' అని అర్థమయ్యే బోర్డన్నమాట. వెనకాల చిన్న వాకిలి. బయట కూచోడానికి అరుగు. అరుగు చూడగానే అది మన ఊరే!

ఇంకో వీధిలో రొట్టెల బట్టీ. నిలువెత్తు తిరగళ్ళు. అగ్నిపర్వతపు రాతితో, నడుం సన్నంగా, ఢమరుకంలా చెక్కినవి. గాడిదల్ని కట్టి తిప్పేవాళ్ళు. పిండి కలిపే రాతి తొట్లు పక్కనే. ఇంకో చోట బట్టలుతికే దుకాణం. తొట్లలో దిగి కాళ్ళతో తొక్కేవాళ్ళు. సబ్బు లేదు కదా, మనిషి మూత్రంతో మురికి వదలగొట్టేవాళ్ళు. రోమన్ ప్రభువుల తెల్లటి అంగవస్త్రం వెనక ఆ వాసనుంది మరి! కొలోసియంలో అది ఎవరు చెబుతారు?

అక్కడికి పోయినవాళ్ళంతా నవ్వుకుంటూ ఫొటో తీసుకునేది పబ్లిక్ మరుగుదొడ్డి. పాలరాతి బల్లకి వరసగా ఇరవై దాకా రంధ్రాలు, కింద కాలవ. నవ్వండి, తప్పులేదు. నవ్వడం అయ్యాక, మన బస్టాండుల్లో ఆరుగంటల ప్రయాణానికి ముందు మంచినీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళని కూడా ఒక్కసారి తలుచుకోండి. ఆ ఊరికి చక్రవర్తి విగ్రహంతో పాటు దొడ్డి కూడా కావాలని ఎవరికో తోచింది. మనకి విగ్రహాలు మాత్రమే తోస్తాయి.

"ఇవన్నీ వంటింటి కబుర్లు. చరిత్రంటే రాజ్యాలూ యుద్ధాలూ కదా!" అనే మేధావులు వుంటారని తెలుసు. వాళ్ళకో సంగతి చెప్తాను. క్లాడియస్ చక్రవర్తి 42లో ఓస్టియాకి పక్కనే కొత్త రేవు కట్టడం మొదలుపెట్టింది సరదాకి కాదు, తిండిగింజల భయంతో. అయినా 51లో గింజలు కరువొస్తే, రోము నడిబొడ్డున జనం ఆయన్ని చుట్టుముట్టి ఎండు రొట్టెముక్కలు విసిరికొట్టారు. లోకాన్ని ఏలిన చక్రవర్తి దొడ్డిదారిన ఇంట్లోకి పారిపోవలసి వచ్చింది! రొట్టెముక్క రాజకీయం కాదని ఇప్పుడనండి చూద్దాం. తరవాత ట్రాజన్ లోపలికి ఆరుమూలల రేవు తవ్వించాడన్నా, ఓస్టియాలో గిడ్డంగుల మీద గిడ్డంగులు లేచాయన్నా, అదంతా ఆ ముక్క చుట్టూ తిరిగిన చరిత్రే. వంటిల్లు కదిలితే సింహాసనం కదులుతుందని ఆ మహారాజులకి తెలుసు. మన పాఠ్యపుస్తకాలకే తెలీదు.

సరే, ఆడవాళ్ళ సంగతికి వద్దాం. ఓస్టియాలో ఒక రాతిపలక దొరికింది. కొట్టు బల్ల వెనక ఒక ఆడమనిషి నిలబడి బేరం చేస్తూ వుంటుంది. ముందు పళ్ళూ, పంజరాల్లో బతికున్న జంతువులూ, పైన వేలాడే పక్షులూ, పక్కన రెండు కోతులు. కోతులెందుకంటారా? కొనేవాళ్ళని ఆకర్షించడానికి కాబోలు. కొట్టు కళకళలాడాలి కదా! ఆవిడ పేరు మనకి తెలీదు. కానీ ఆ చెయ్యి చాపిన తీరు చూస్తే రైతుబజార్లో మనం రోజూ చూసే మనిషే. 'రెండు రూపాయలు తగ్గించమ్మా' అనబోయి ఆగాను.

పేరు తెలిసినావిడ కూడా వుంది. నది దాటితే ఇసోలా సాక్రా అనే చోట సమాధుల వీధి. అందులో ఒక సమాధి స్క్రిబోనియా అటికే అనే మంత్రసానిది. ఆవిడ బతికుండగా తనే కట్టించుకుంది. గుమ్మం పక్కన కాల్చిన మట్టిపలకలు పెట్టించింది. ఒకదాని మీద భర్త ఒక మనిషి కాలికి వైద్యం చేస్తున్నాడు. ఇంకోదాని మీద ఆవిడే. కాన్పు కుర్చీలో నొప్పులు పడుతున్న స్త్రీ, వెనకనించి ఆమెని ఒడిసిపట్టుకున్న ఇంకో స్త్రీ, ఎదురుగా చిన్న పీటమీద మంత్రసాని. చెయ్యి ముందుకి చాపింది గానీ ముఖం మాత్రం ఇటు తిప్పుకుంది. ఆ కాలపు వైద్యుడు సొరానస్ రాశాడు, కాన్పు చేసేటప్పుడు మంత్రసాని కళ్ళప్పగించి చూడకూడదనీ, చూస్తే ఆ తల్లి సిగ్గుతో బిగుసుకుపోతుందనీ. ఆ ముఖం తిప్పుకోవడంలో వున్న మర్యాద ఎంతమంది చక్రవర్తుల విగ్రహాల్లో వుందో చెప్పండి!

శిలాశాసనం కూడా ఆవిడదే. ఇది నేను కట్టించాను, నాకూ, నా భర్తకీ, మా అమ్మకీ, మావాళ్ళకీ, మేం బానిసత్వం నుంచి విడిపించిన ఆడా మగా అందరికీ, వాళ్ళ సంతానానికీ అని వరసగా చెప్పించి, చివర ఇద్దరి పేర్లు చెక్కించి 'వీళ్ళకి తప్ప' అంది. ఏం చేశారో ఆ ఇద్దరూ! పద్ధెనిమిది వందల ఏళ్ళైనా ఆ అలక రాయి మీద అలాగే వుంది. ఇంతకన్నా బతికున్న మనిషి ఇంకెక్కడ దొరుకుతుందండీ?

ఇప్పుడు దీని పక్కన ఇంకో రాయి పెట్టి చూడండి. అదీ ఓస్టియాదే. హోస్టిలియానస్ అనే ఊరిపెద్ద తాను చేసిన ఘనకార్యాల జాబితా. అందులో ఒకటి, ఊరు పుట్టిన దగ్గర్నుంచీ ఎవ్వరూ చెయ్యనిది తాను చేశాననీ, వినోదంకోసం ఆడవాళ్ళని కూడా కత్తి పట్టించి బరిలోకి దింపాననీ! ఒక రాయి, కాన్పు చేసి ప్రాణం నిలబెట్టానంటుంది. ఇంకో రాయి, ఆడవాళ్ళని చావుకి నిలబెట్టానని మురిసిపోతుంది. మన యాత్రల వాళ్ళు చూపించేది ఎప్పుడూ రెండో రకాన్నే. అందుకే నా కడుపుమంట.

రోమన్ మేధావుల ధోరణి కూడా కొంచెం చెప్పాలి. పెద్ద ప్లీనీ అనే పండితుడు మొదటి శతాబ్దంలో లబలబలాడాడు. భారతదేశం ఏటా ఐదుకోట్ల సెస్టర్సులు పట్టుకుపోతోందిట. ఇండియా, చైనా, అరేబియా కలిపి పదికోట్లుట. ఇదంతా ఎవరివల్లట? విలాసాలవల్లా, ఆడవాళ్ళవల్లానూ! మిరియాలు మగవాళ్ళు తినలేదు కాబోలు! సుగంధ ద్రవ్యాలు మగవాళ్ళ శవాలమీద కాల్చలేదు కాబోలు! ఖజానా ఖాళీ అయితే ఆడదాని చీర మీద పడటం అప్పటికే అలవాటన్నమాట.

ఆ పద్దులో మనకీ వాటా వుంది సుమండీ. అదే శతాబ్దంలో ఎర్రసముద్రం దారిన తిరిగిన ఒక గ్రీకు వర్తకుడు రాసిపెట్టిన నావికుల పుస్తకంలో 'మసాలియా' అనే సీమ వుంది. అక్కడ నూలుబట్ట విస్తారంగా నేస్తారని రాశాడు. అది మన కృష్ణా ముఖద్వారపు ప్రాంతమని పండితులంటారు. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఆ నాణెం అద్దాల పెట్టెలో వుంది. దాని మీద చక్రవర్తి ముఖముంది. ఆ నూలు వడికిన చేతులు ఏ అద్దాల పెట్టెలో వున్నాయి?

ఇంతా చెప్పి ఓస్టియా ఆడవాళ్ళ స్వర్గమని నేననడంలేదు. ఆ తిరగళ్ళ దగ్గరా, స్నానశాలల కింద కొలుముల దగ్గరా బానిసలు మాడిపోయారు. నాటకశాల వెనక అరవై దాకా వర్తకుల గదులున్నాయి. నేలమీద ఓడలూ, దీపస్తంభాలూ, ఏనుగూ చక్కటి నల్లరాళ్ళ ముగ్గుల్లా పరిచి వున్నాయి. ఆ సంఘాల్లో పెత్తనం మగవాళ్ళదే. మిత్ర దేవుడి గుళ్ళు ఊరినిండా వున్నాయి, ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. ఇదంతా కూడా అక్కడే కనిపిస్తుంది, అందుకే చూడమంటున్నాను. చక్రవర్తి తోరణం ఎప్పుడూ తన గొప్పే చెబుతుంది. వీధి మాత్రం మంచీ చెడ్డా రెండూ చెబుతుంది.

ఆ ఊరిని తవ్విన తీరులోనూ ఇదే జబ్బు. 1938 నుంచి 1942 దాకా ముస్సోలినీ ప్రభుత్వం ఓస్టియాని హడావిడిగా తవ్వించింది. 1942లో ప్రపంచ ప్రదర్శన పెట్టి, చూడండి మా రోము వైభవం అని చాటుకోవాలని. వైభవం కావాలి గనక, పడిపోతున్న కాలంలో పేదాసాదా కట్టుకున్న గోడలు చాలావరకు సరిగ్గా రాసుకోకుండానే తోసేశారు. యుద్ధమొచ్చి ఆ ప్రదర్శనా జరగలేదు, పోయిన గోడలూ తిరిగి రాలేదు. చరిత్రని డప్పు కొట్టుకోవడానికి వాడుకుంటే ఇదీ గతి.

ఆ తవ్వకాల పెద్ద గీడో కాల్జా పేరు అందరూ చెబుతారు. ఆయనతో పనిచేసిన రైసా కాల్జా పేరు ఎంతమంది చెబుతారు? ఒడెస్సాలో పుట్టి, నాట్యకత్తెగా వుండి, ఓస్టియాకి వచ్చి పురావస్తు శాస్త్రం పట్టుకుంది. అక్కడ దొరికిన శిల్పాల ముఖాలన్నీ ఒక్కొక్కటే పరిశీలించి, 1964లో గ్రంథం వెలువరించింది. కానీ ఆవిడ మాట వచ్చినప్పుడల్లా ముందు ఫలానా చిత్రకారుడి మాజీ భార్య, తరవాత ఫలానా పండితుడి భార్య, ఆ తరవాత తీరికుంటే ఆవిడ పని! అంతకుముందు 1884లో రవెన్నా నుంచి కూలీలు వచ్చి, మలేరియాతో చస్తూ కూడా ఆ బురద నేలని ఎండగట్టారు. వాళ్ళలో ఆడవాళ్ళూ వున్నారు. వాళ్ళెండగట్టిన నేలమీదే ఇవాళ మనం చెప్పులు మురికవకుండా నడుస్తున్నాం.

ఓస్టియాలో లోకమంతా ఎరిగిన ఒక తల్లి చనిపోయింది. సెయింట్ అగస్టీన్ తల్లి మోనికా. 387లో ఆఫ్రికాకి ఓడకోసం ఎదురుచూస్తూ జ్వరంతో పోయింది. నన్ను సొంత ఊరికి మోసుకెళ్ళక్కర్లేదు, ఎక్కడైనా పాతిపెట్టండి అని కొడుకులకి చెప్పింది. ఆవిడ సమాధి రాయి ముక్క 1945లో ఆటకోసం గుంజ పాతుతున్న పిల్లలకి దొరికింది. ఆవిడ మనకెందుకు తెలుసు? కొడుకు రచయిత, రాసిపెట్టాడు కాబట్టి. మంత్రసాని స్క్రిబోనియా ఎందుకు తెలుసు? తన పేరు తనే చెక్కించుకుంది కాబట్టి. కోతుల కొట్టు ఆవిడ పేరు ఎందుకు తెలీదు? ఎవరూ రాయలేదు కాబట్టి. మూడు ముక్కల్లో ఆడవాళ్ళ చరిత్రంతా ఇదే!

అందుకని యాత్రల పెద్దమనుషులకి నా మనవి. మాకేది బోరు కొడుతుందో మీరు నిర్ణయించకండి. షాపింగు పూట మాకొద్దు. ఆ పూట రైలు టిక్కెట్టు కొనిపెట్టండి, చాలు. చెల్లెళ్ళకి చెప్పేదేమిటంటే, డబ్బు కట్టేముందు "ఓస్టియా వుందా?" అని అడగండి. ఒకరడిగితే నవ్వుతారు, పదిమంది అడిగితే జాబితాలో చేరుస్తారు. వ్యాపారం వాళ్ళది కదా!

రోము దాకా వెళ్ళలేని వాళ్ళమే ఎక్కువ. దానికేం, మీ ఇంటి అటకమీద అమ్మమ్మ తిరగలి వుందేమో చూడండి. ఆవిడ పాలపద్దు పుస్తకం, మంత్రసానికిచ్చిన చీర లెక్క, ఏ పెళ్ళికి ఎన్ని అప్పడాలు వత్తారో రాసుకున్న కాగితం వున్నాయేమో వెతకండి. పాత సామానులవాడికి వెయ్యకండి. వెనకాల ఆవిడ పేరు, ఊరు, సంవత్సరం రాసిపెట్టండి. తాతగారి ఫొటోకి దండ వేశారు కదా, అది అలాగే వుండనివ్వండి. దాని పక్కన ఈవిడకి కూడా కాస్త చోటివ్వండి.